ఉమ్మడి క్లస్టర్‌పై కోర్-గంటకు రుసుము పెడితే పరిశోధన బృందం ఏం చేయాలి?

మీ విశ్వవిద్యాలయం నడిపే ఉమ్మడి క్లస్టర్‌ను (అందరూ పంచుకునే కంప్యూటర్ల సమూహాన్ని) మీ బృందం ఆరేళ్లుగా ఉచితంగా వాడుకుంటోంది. వచ్చే విద్యాసంవత్సరం నుంచి కోర్-గంటల లెక్కన (ప్రాసెసర్‌లోని ఒక కోర్‌ను, అంటే లెక్కలు చేసే ఒక భాగాన్ని, గంటసేపు పట్టి ఉంచితే ఒక కోర్-గంట), అలాగే భారీ లెక్కలను ఒకేసారి చేసే జీపీయూ చిప్‌లకు జీపీయూ-గంటల లెక్కన రుసుము కట్టాలని సర్క్యులర్ వచ్చింది. ఇది న్యాయమేనా, కొత్త ప్రాజెక్టు ప్రతిపాదనలో దీనికి ఎంత రాసుకోవాలి, ఆ డబ్బేదో పెట్టి సొంత సర్వర్ కొనుక్కుంటే పోదా అని అడిగారు. ఇటువంటి క్లస్టర్ నిర్వహణలో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. రుసుము నిర్ణయించే కమిటీలో కూర్చున్నాను, మొదటి బిల్లు చేతపట్టుకుని వచ్చిన అధ్యాపకుల పక్కన కూర్చుని లెక్కలు విప్పి చూపించాను. అందుకే కాస్త వివరంగానే రాస్తాను.

ముందు న్యాయం సంగతి. ఉచితంగా వాడుకున్న ఆరేళ్లూ ఆ ఖర్చును ఎవరో ఒకరు భరిస్తూనే ఉన్నారు. యంత్రాలు కొన్నది ఒక పెద్ద గ్రాంటుతోనో, విశ్వవిద్యాలయం మూలనిధితోనో అయి ఉంటుంది. కొన్న రోజున అందరూ ఫొటో దిగుతారు. ఐదారేళ్లకు వారంటీ ముగిసి, డిస్కులు ఒక్కొక్కటిగా పోతూ, కొత్త ప్రాసెసర్ల పక్కన పాతవి నీరసంగా కనిపించే రోజు వస్తుంది. అప్పటికి రెండో గ్రాంటు ఎక్కడా ఉండదు. నడపడానికి అయ్యే కరెంటు ఖర్చు వేరు. ఎనిమిది జీపీయూలున్న ఎన్విడియా డీజీఎక్స్ హెచ్100 సర్వర్ ఒక్కటే పూర్తి భారం మీద 10.2 కిలోవాట్ల వరకు తీసుకుంటుంది. ఏడాదికి 8,760 గంటలు. ఆ యంత్రం నిరంతరం నిండుగా నడిస్తే ఏడాదికి 89 వేల యూనిట్లు దాటుతుంది. అది వెదజల్లిన వేడిని బయటికి పంపే శీతలీకరణకు అయ్యే కరెంటు దీనికి అదనం. వీటన్నిటి మీద, అర్ధరాత్రి ఫైల్ వ్యవస్థ మొండికేస్తే లేచి వచ్చి సరిచేసే మనిషి జీతం ఉంది. నా అనుభవంలో క్లస్టర్ మంచిచెడ్డలు నిర్ణయించేది ఆ మనిషి ఉన్నాడా లేడా అన్నదే. యంత్రాలకు గ్రాంటు దొరుకుతుంది కానీ ఆ మనిషి జీతానికి దొరకడం మహా కష్టం. కాబట్టి రుసుము వసూలు చేయడమే అన్యాయమని నేను అనను.

పైగా ఉచితంగా ఉన్నచోట కూడా ధర ఉంటుంది. అది వరుసలో వేచి ఉండే కాలం రూపంలో వస్తుంది. సమావేశానికి వ్యాసం పంపే గడువు దగ్గరపడిన వారంలో మీ జాబ్ (క్లస్టర్‌కు మీరు అప్పగించిన పని) నాలుగు రోజులు వరుసలో నిలబడి ఉంటే, ముందున్న వందల జాబ్‌లలో సగం ‘ఉంది కదా’ అని వేసినవే అయితే, మీరు కట్టింది తక్కువేమీ కాదు.

ఈ చిక్కు కొత్తది కాదు. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకోవలసి వచ్చిన రోజు నుంచీ ఉంది. హార్వర్డ్‌లో పీడీపీ-1 కంప్యూటర్ సమయాన్ని వేలం పద్ధతిలో పంచిన తీరును కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవన్ సదర్లాండ్ 1968లో ప్రచురించారు. నిజమైన డబ్బు కాదు, ‘యెన్’ అని పేరు పెట్టుకున్న సొంత నాణెం. ఎవరి పని ఎంత ముఖ్యమో దాన్నిబట్టి వారికి ఇన్ని యెన్‌లని కేటాయించారు. గిరాకీ ఉన్న వేళ కావాలంటే ఎక్కువ పాడాలి, ఎవరికీ అక్కర్లేని వేళ అయితే కొద్దిపాటితో చాలాసేపు దొరుకుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత, 1988లో, సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన జూడీ కే, పియర్స్ లాడర్ ఇంకో దారి చూపించారు. వారి పద్ధతిలో ధర లేదు, వాటా ఉంది. ఇటీవల ఎక్కువ వాడినవారి ప్రాధాన్యం తగ్గుతుంది, వాడనివారిది పెరుగుతుంది, కాలం గడిచేకొద్దీ పాత వాడకం లెక్కలోంచి కరిగిపోతుంది. ఈరోజు చాలా విశ్వవిద్యాలయాలు నడిపే స్లర్మ్ షెడ్యూలర్‌లో (ఏ జాబ్ ఎప్పుడు, ఎక్కడ నడవాలో తేల్చే ప్రోగ్రామ్‌లో) ఉన్న ‘ఫెయిర్-షేర్’ ఆ ఆలోచన వారసురాలే. అందులో ప్రత్యేకంగా మార్చకపోతే మీ వాడకం బరువు ఏడు రోజులకు సగమవుతుంది. అంటే ఈ వారం భారీగా వాడినా, నెల తర్వాత అందులో పదహారో వంతు మాత్రమే మీకు అడ్డుగా నిలుస్తుంది.

రుసుము, వాటా రెండూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలని చాలామంది అనుకుంటారు. అవి వేర్వేరు పనులు చేస్తాయి. వాటా ‘ఎవరు ముందు’ అన్నది తేలుస్తుంది. రుసుము ‘వచ్చే ఏడాది యంత్రం ఉంటుందా’ అన్నది తేలుస్తుంది. రుసుము పెట్టి వాటాను ఎత్తేసిన చోట డబ్బున్న బృందానిదే రాజ్యం అవుతుంది. మీ సర్క్యులర్‌లో ఫెయిర్-షేర్ గురించి ఏమీ లేకపోతే మొట్టమొదట అడగవలసింది అదే.

ఇప్పుడు నా మనసులో ఉన్న అసలు విషయం చెబుతాను. మా దగ్గర రుసుము మొదలుపెట్టిన మరుసటి ఏడాది, ఒక పరిశోధక విద్యార్థి తన ఫలితాల పటం చూపించడానికి వచ్చాడు. పటంలో ప్రతి పరిస్థితికీ ఒక్కొక్క బిందువే ఉంది. పైనా కిందా దోషపరిమితి గీతలు లేవు. అతని పద్ధతి యాదృచ్ఛిక సంఖ్యలతో మొదలవుతుంది. ఒక్కసారి నడిపి వచ్చిన అంకెకు అర్థం లేదు, కనీసం ఐదు సార్లు వేర్వేరు ప్రారంభ విలువలతో నడపాలి. ఎందుకు నడపలేదని అడిగాను. “మా సార్ గ్రాంటు అయిపోవచ్చిందండి, ఒక్కసారికే సరిపెట్టమన్నారు” అన్నాడు. ఆ రోజు వాడకం గణాంకాలు తీసి చూశాను. క్లస్టర్‌లో మూడో వంతు నోడ్లు (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్ ఒక నోడ్) ఆ రాత్రి ఖాళీగా వెలుగుతున్నాయి. అతని దగ్గర డబ్బు లేదు, మా దగ్గర పని లేదు. ఆ రెండిటి మధ్య నిలబడింది మేము రాసిన రేటు పట్టికే. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. తరువాతి కమిటీ సమావేశంలో నేను పట్టుబట్టింది రెండు విషయాలకు: ప్రతి బృందానికీ ఏటా 50,000 కోర్-గంటలు ఉచితం, ఆ పైన తక్కువ ప్రాధాన్యంతో ఖాళీ నోడ్లను ఎవరైనా ఎంతైనా ఉచితంగా వాడుకోవచ్చు. రుసుము కట్టినవారి జాబ్ రాగానే ఉచిత జాబ్ పక్కకు తప్పుకుని మళ్లీ వరుసలో చేరుతుంది. చాలా వాదోపవాదాల తర్వాత ఒప్పుకున్నారు. విద్యార్థి ధర చూసి ప్రయోగం మానుకుంటే ఆ రుసుము ఎంత వసూలైనా దండగే అని నా నమ్మకం.

ఇందులో కమిటీవారికి అర్థమయ్యే లెక్క కూడా ఉంది. కోర్-గంట ధర అంటే ఏడాది మొత్తం ఖర్చును ఆ ఏడాది వాడిన గంటలతో భాగించగా వచ్చేదే. 64 కోర్ల నోడ్ ఒకటి ఏడాదికి 5,60,640 కోర్-గంటలు ఇవ్వగలదు. నిర్వహణ విరామాలు, ఖాళీలు పోగా 75 శాతం వాడకం ఉంటే 4,20,480. ధర చూసి సగంమంది తప్పుకున్నారనుకోండి. ఖర్చు దాదాపు అంతే ఉంటుంది, భాగించే సంఖ్య పడిపోతుంది, వచ్చే ఏడాది ధర పెరుగుతుంది, మరికొందరు తప్పుకుంటారు. ఇలా రెండు మూడు ఏళ్లలో బక్కచిక్కిపోయిన సేవలను చూశాను. అందుకే నేను చూసిన వాటిలో నిలబడ్డవన్నీ పూర్తి ఖర్చును రుసుములోంచి రాబట్టాలని చూడనివే. భవనం, కరెంటు, ఇద్దరు ముగ్గురు ఉద్యోగుల జీతం విశ్వవిద్యాలయం భరిస్తుంది. యంత్రాల మార్పిడికి కావలసినంత మాత్రమే వాడకందార్ల నుంచి వస్తుంది. మీ విశ్వవిద్యాలయం ఎంత శాతం భరిస్తోందో రాతపూర్వకంగా అడగండి. అమెరికాలో ఫెడరల్ నిధులతో నడిచే పరిశోధనల నియమాల్లో ఇలాంటి సేవాకేంద్రాల రేట్లు మొత్తంమీద ఖర్చును రాబట్టేలా మాత్రమే ఉండాలని, కనీసం రెండేళ్లకోసారి సవరించాలని, అంతర్గతంగా అందరికీ ఒకే రేటు వర్తించాలని ఉంది. ఆ దేశపు నిధులతో మీకు సంబంధం ఉన్నా లేకపోయినా, కమిటీ ముందు పెట్టడానికి అది మంచి కొలబద్ద.

ఇక బిల్లు ఎలా పడుతుందో చూద్దాం. నేను చూసిన గొడవల్లో ముప్పాతిక వంతు ఇది తెలియకపోవడం వల్ల వచ్చినవే. మీ ప్రోగ్రామ్ చేసిన లెక్కలకు బిల్లు పడదు. మీరు పట్టి ఉంచిన చోటుకు, పట్టి ఉంచినంతసేపూ పడుతుంది. బస్సులో పది సీట్లు రిజర్వు చేసుకుని ఒక్కరే కూర్చున్నా పది టికెట్ల డబ్బూ కట్టాలి కదా, అలాగే.

ఒక పరిశోధకురాలి మొదటి నెల బిల్లు గుర్తుంది. తన జాబ్‌కు 64 కోర్లు అడిగింది, ఏడు రోజులు నడిపింది. 64ను 168 గంటలతో గుణిస్తే 10,752 కోర్-గంటలు. జాబ్ సామర్థ్యాన్ని చూపించే ‘సెఫ్’ అనే ఆదేశం నడిపి తెర ఆమె వైపు తిప్పాను. సీపీయూ సామర్థ్యం 1.56 శాతం అని ఉంది. అంటే సరిగ్గా 64లో ఒక వంతు. ఆమె ప్రోగ్రామ్ ఒక్క కోర్ మీద నడిచేలా రాసింది. ఎక్కువ కోర్లు అడిగితే దానంతట అదే వేగంగా నడుస్తుందని అనుకుంది. మిగతా 63 కోర్లు వారం రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాయి. అదృష్టవశాత్తు ఆమె డేటాలోని నమూనాలు ఒకదానిపై ఒకటి ఆధారపడనివి. డేటాను 64 ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్క కోర్ అడిగే జాబ్‌ల శ్రేణిగా మార్చాం. మధ్యాహ్నం వేసిన పని సాయంత్రానికి, మూడు గంటలలోపే ముగిసింది. బిల్లు 168 కోర్-గంటలు. ఆమె కళ్లలో సంతోషం కంటే, పోయిన నెల డబ్బు గురించిన బాధే ఎక్కువ కనిపించింది. మొదటి నెల బిల్లును హెచ్చరికగా మాత్రమే పంపి, వసూలు చేయకుండా వదిలేయాలని అప్పుడే అనిపించింది. మీ వాళ్లు కూడా మొదటి మూడు నెలలు ఉత్తుత్తి బిల్లులు పంపేలా ఒప్పించండి. డబ్బు కదలదు, కానీ అందరికీ తమ అలవాట్లు కనిపిస్తాయి.

రెండో ఉచ్చు మెమరీ. 64 కోర్లు, 256 జీబీ మెమరీ ఉన్న నోడ్‌లో కోర్‌కు 4 జీబీ చొప్పున వాటా. మీరు ఒక్క కోర్ అడిగి దానికి 200 జీబీ మెమరీ అడిగితే, మిగిలిన 56 జీబీతో 63 కోర్లు ఏ పనీ సరిగా చేయలేవు. అందుకే చాలా క్లస్టర్లలో కోర్ల లెక్క, మెమరీ లెక్క రెండూ వేసి ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. 200ను 4తో భాగిస్తే 50. ఒక్క కోర్ వాడిన జాబ్‌కు యాభై కోర్ల బిల్లు పడుతుంది. ఇలాంటి జాబ్‌ల్లో నిజంగా వాడిన గరిష్ఠ మెమరీ చూస్తే తరచూ 20 జీబీ చుట్టుపక్కల ఉంటుంది. ‘ఎందుకైనా మంచిది’ అని అడిగినదే మిగతాదంతా. ఒక చిన్న జాబ్ వేసి, గరిష్ఠం 22 జీబీ అని తేలితే 28 అడగండి. బిల్లు ఏడు కోర్లకు దిగుతుంది.

మూడోది ఇంకాస్త లోతైనది. ప్రోగ్రామ్ నిజంగానే చాలా కోర్లను వాడుకుంటుంది, అయినా డబ్బు వృథా అవుతుంది. కంప్యూటర్ రూపశిల్పి జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పిన మాట: పనిలో విడదీయలేని భాగం ఎంత ఉందో దాన్నిబట్టే వేగానికి హద్దు ఏర్పడుతుంది. పనిలో 5 శాతం ఒకదాని తర్వాత ఒకటిగా చేయక తప్పనిది అనుకుందాం. 16 కోర్లపై వేగం దాదాపు 9 రెట్లు పెరుగుతుంది. 64 కోర్లపై 15 రెట్లు. కోర్లు నాలుగింతలు చేస్తే వేగం రెండింతలు కూడా కాలేదు, బిల్లు మాత్రం రెండున్నర రెట్ల దగ్గరికి పోయింది. ఎన్ని కోర్లు పోసినా 20 రెట్లు దాటదు. కాబట్టి పెద్ద పని మొదలుపెట్టే ముందు ఒకే చిన్న సమస్యను 4, 8, 16, 32, 64 కోర్లపై నడిపి పట్టిక రాసుకోండి. ఒక పూట పని. గడువు తరుముతున్నప్పుడు ఎక్కువ కట్టి వేగం కొనుక్కోవడం తప్పు కాదు, కానీ ఎంతకు కొంటున్నారో తెలిసి కొనండి.

జీపీయూల విషయంలో ఇదే జబ్బు ఇంకా ఖరీదైనది. జీపీయూ పట్టుకుని, డేటా డిస్కు మీదనుంచి నెమ్మదిగా వస్తుంటే అది ఆకలితో ఎదురుచూస్తూ కూర్చుంటుంది. నోట్‌బుక్ (బ్రౌజర్‌లో ప్రోగ్రామ్ రాసి నడిపే పేజీ) తెరిచి, జీపీయూ తీసుకుని, భోజనానికి వెళ్లి వచ్చేవాళ్లూ ఉంటారు. జీపీయూ వాడకం శాతాన్ని నడుస్తున్న జాబ్‌లోనే ఒకసారి చూడండి. ముప్పై, నలభై మధ్య ఊగుతుంటే రెండో జీపీయూ అడగకండి, డేటా దారిని బాగుచేయండి.

జాబ్‌కు పెట్టే కాలపరిమితి గురించి కొద్దిగా. నాకు తెలిసిన క్లస్టర్లలో జాబ్ ముందే ముగిస్తే మిగిలిన కాలానికి బిల్లు పడదు. అందుకని అందరూ గరిష్ఠ పరిమితి పెట్టేస్తారు. దానివల్ల జాబ్ ఆలస్యంగా మొదలవుతుంది. షెడ్యూలర్ పెద్ద జాబ్‌ల మధ్య సందుల్లో చిన్నవాటిని దూర్చగలదు, కానీ మీరు ఏడు రోజులని రాస్తే మీది ఏ సందులోనూ పట్టదు. మరీ బిగించి రాస్తే పరిమితి తగిలి జాబ్ చచ్చిపోతుంది, అప్పటిదాకా వాడిన గంటలు బిల్లులో ఉంటాయి, ఫలితం ఉండదు. దీనికి విరుగుడు, ప్రోగ్రామ్ స్థితిని అప్పుడప్పుడూ డిస్కుపై భద్రపరిచి అక్కడినుంచే కొనసాగించే ఏర్పాటు. దాన్ని రాయడానికి ఒక వారం పట్టినా రాయించండి. అది ఉన్న బృందం ఉచిత తక్కువ ప్రాధాన్య వరుసను హాయిగా వాడుకుంటుంది. లేని బృందం ప్రతి గంటకూ డబ్బు కడుతుంది.

ప్రతిపాదనలో ఎంత రాయాలి అన్నదానికి వస్తాను. గత పన్నెండు నెలల మీ బృందం వాడకం క్లస్టర్ ఖాతా రికార్డుల్లో ఉంటుంది. నిర్వాహకులను అడిగితే సభ్యులవారీగా ఇస్తారు. అది మీ మొదటి అంకె. ఆ తర్వాత కొత్త పనిని కిందినుంచి కట్టుకుంటూ రండి. ఉదాహరణకు ఒక అనుకరణ (సిమ్యులేషన్) 32 కోర్లపై 18 గంటలు పడుతుందని పరీక్షలో తేలింది: 576 కోర్-గంటలు. 12 పరిస్థితులు, ఒక్కోదానికి 5 పునరావృతాలు, మొత్తం 60 జాబ్‌లు: 34,560. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, ఏడాది మధ్యలో ఇబ్బంది పడతారు. వ్యాసంలో అచ్చయ్యే ఫలితాల కోసం నడిచిన జాబ్‌లు మొత్తం వాడకంలో సగం మించడం నేను అరుదుగా చూశాను. తప్పుగా పెట్టిన పరామితులు, కొత్త విద్యార్థి నేర్చుకునే రోజులు, దారితప్పిన ఆలోచనలు, ఇవన్నీ పరిశోధనలో భాగమే. కాబట్టి రెండింతలు చేయండి: 69,120. సమీక్షకులు అడిగే అదనపు ప్రయోగాలకు ఐదో వంతు కలపండి: సుమారు 83,000. ఈ లెక్కను ప్రతిపాదనలో ఇలాగే విప్పి రాయండి. ‘కంప్యూటింగ్ ఖర్చు’ అని ఒక్క గుండు అంకె రాస్తే కోత మొదట దానిమీదే పడుతుంది. పరీక్ష ఫలితంతో మొదలై మెట్టుమెట్టుగా వచ్చిన అంకెను తగ్గించాలంటే సమీక్షకుడు ఏ మెట్టు తీసేయాలో చెప్పాలి.

అదే ప్రతిపాదనలో నిల్వ ఖర్చు రాయడం మరచిపోకండి. కోర్-గంటలు జాబ్‌తోపాటే ముగుస్తాయి. డేటా ప్రాజెక్టు ముగిసినా ఉంటుంది, దాని అద్దె నెలనెలా పడుతూనే ఉంటుంది. విద్యార్థి పట్టా తీసుకుని వెళ్లిపోయాక అతని డైరెక్టరీలో ఏముందో ఎవరికీ తెలియదు, తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. మళ్లీ నడిపితే వచ్చే మధ్యంతర ఫైళ్లు ఏవో, పోతే తిరిగిరాని మూల డేటా ఏదో విద్యార్థి ఉండగానే ఒక పేజీ రాయించి పెట్టుకోండి. తాత్కాలిక నిల్వలో పెట్టినవి కొన్ని వారాల తర్వాత వాటంతటవే చెరిగిపోయే నియమం దాదాపు ప్రతిచోటా ఉంటుంది. అక్కడ బ్యాకప్ ఉండదు. ఇది తెలియక థీసిస్ అధ్యాయం పోగొట్టుకున్నవారిని ఓదార్చిన రోజులున్నాయి.

డబ్బు ఎప్పుడు ఖర్చవుతుందన్నదీ చూడాలి. నిధి సంస్థలు చాలావరకు ప్రాజెక్టు కాలంలో వాడిన సేవకే చెల్లింపును ఒప్పుకుంటాయి. చివరి నెలలో మిగిలిన డబ్బుతో వచ్చే ఏడాదికి గంటలు కొని పెట్టుకుందామంటే ఆడిట్‌లో తిరగ్గొడతారు. మూడేళ్ల ప్రాజెక్టులో వాడకం రెండో ఏడాది ఉబ్బుతుంది, మొదటి ఏడాది విద్యార్థి ఇంకా నేర్చుకుంటూ ఉంటాడు. ఏటా సమానంగా పంచకుండా, మొదటి ఏడాదికి ఐదో వంతు, రెండో ఏడాదికి సగం, మిగిలింది మూడో ఏడాదికి రాయడం నాకు అనుభవంలో సరిపోయిన లెక్క.

ఇక సొంత సర్వర్. ఆ ఆశ నాకు అర్థమవుతుంది. వరుస ఉండదు, బిల్లు ఉండదు, ఎవరినీ అడగనక్కర్లేదు. కొనుగోలు ధరను ఐదేళ్ల గంటలతో భాగిస్తే కోర్-గంట చాలా చవగ్గా కనిపిస్తుంది. కానీ ఆ భాగహారంలో యంత్రం పగలూ రాత్రీ నిండుగా నడుస్తుందనే ఊహ దాగి ఉంది. ఒక్క బృందం పని అలా ఉండదు. వ్యాసం ముందు నెల యంత్రం చాలదు, ఆ తర్వాత మూడు నెలలు ఖాళీ. వాడకం 75 శాతం నుంచి 30 శాతానికి పడితే మీ కోర్-గంట అసలు ఖర్చు రెండున్నర రెట్లవుతుంది. ఇది కాక, దాన్ని చూసుకునేది ఎవరు? ఎక్కువగా ఒక పరిశోధక విద్యార్థి. నాకు తెలిసిన ఒక విద్యార్థి రెండేళ్లపాటు వారానికి ఒక రోజు డ్రైవర్లు, డిస్కులు, వాడకందార్ల ఖాతాలు చూసుకోవడానికే వెచ్చించాడు. ఆ రోజులకు ఏ పట్టికలోనూ ధర లేదు. వేసవిలో ప్రయోగశాల ఏసీ ఆగిన రాత్రి ఆ యంత్రం వేడికి ఆగిపోయింది, రెండు డిస్కులు తిరిగి లేవలేదు. కొన్ని సందర్భాల్లో మాత్రం సొంత యంత్రమే సరి: పరికరం నుంచి డేటా వస్తున్నప్పుడే విశ్లేషించాలి, లేదా రోగుల సమాచారం గది దాటకూడదు, లేదా నిజంగానే ఏడాది పొడవునా నిండుగా నడిచే ఒకే రకం పని ఉంది. మీ పన్నెండు నెలల రికార్డు చూస్తే మూడోది మీకు వర్తిస్తుందో లేదో తేలిపోతుంది.

మధ్యేమార్గం ఒకటుంది, నాకు ఇష్టమైనది కూడా అదే. మీ గ్రాంటు డబ్బుతో నోడ్లు కొని వాటిని ఉమ్మడి క్లస్టర్‌లోనే పెట్టడం. మీ నోడ్లపై మీకు ముందు హక్కు, మీరు వాడనప్పుడు ఇతరులు వాడుకుంటారు, ఇతరుల నోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు మీరు వాడుకుంటారు. గది, కరెంటు, నిర్వహణ కేంద్రం చూసుకుంటుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 2008లో ‘స్టీల్’ అనే క్లస్టర్‌తో ఈ పద్ధతిని పెద్దఎత్తున మొదలుపెట్టింది. అధ్యాపకులు తలా ఇంత వేసుకున్నారు, వందలాది స్వచ్ఛంద సేవకులు కలిసి ఆ యంత్రాన్ని ఒక్కరోజులో నిలబెట్టారు. మీ కేంద్రం ఈ ఏర్పాటును ఒప్పుకుంటే రెండు విషయాలు కాగితం మీద రాయించుకోండి: మీకు కావలసినప్పుడు మీ నోడ్లు ఎంతసేపట్లో తిరిగి దొరుకుతాయి, ఎన్నేళ్ల తర్వాత ఆ నోడ్లను తీసేస్తారు.

క్లౌడ్ గురించి, అంటే కంపెనీల కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకోవడం గురించి, క్లుప్తంగా. అరుదుగా, హఠాత్తుగా, చాలా పెద్దమొత్తంలో కావలసినప్పుడు అది మంచిది. రోజూ వాడేదానికి ఖరీదు. చౌకగా దొరికే మిగులు యంత్రాలను వెనక్కి తీసుకునే ముందు అమెజాన్ ఇచ్చే హెచ్చరిక రెండు నిమిషాలు. పైన చెప్పిన స్థితిని భద్రపరిచే ఏర్పాటు లేకుండా వాటిని తాకకండి. డేటాను బయటికి తెచ్చుకోవడానికి వేసే ఛార్జీ కూడా మొదటే చూసుకోవాలి.

రుసుముపై జరిగే మీ కమిటీ సమావేశానికి ఇంకా సమయం ఉందని రాశారు. ఈ వారంలో మీ బృందం గత ఏడాది వాడకాన్ని తెప్పించుకుని, కొత్త రేటుతో గుణించి, ఒక్కో సభ్యుడి ఎదుట అతని అంకె పెట్టండి. మందలించడానికి కాదు. పది అతిపెద్ద జాబ్‌లు తీసి సామర్థ్యం చూడండి. వాటిలో రెండు మూడు సరిచేస్తేనే మొత్తం బిల్లు ఎంత తగ్గుతుందో మీకే తెలుస్తుంది. ఆ అంకెలతో సమావేశానికి వెళ్లండి. రేటు తగ్గించమని మాత్రమే అడిగితే ‘ఖర్చులు పెరిగాయి’ అనే ఒక్క మాటతో ముగుస్తుంది. ప్రతి బృందానికీ ఉచిత వాటా ఎంత, ఖాళీ నోడ్లు రుసుము లేకుండా వాడుకోనిస్తారా, గ్రాంటు లేని విభాగాల విద్యార్థుల సంగతేమిటి, ఏటా ఖర్చుల లెక్క బయట పెడతారా అని అడగండి. గ్రాంటు లేనివారి ప్రశ్నను మాత్రం మీరే లేవనెత్తండి. మీ దగ్గర గ్రాంటు ఉంది కాబట్టి మీ మాట వింటారు. భాషాశాస్త్రంలోనో చరిత్రలోనో పాత పత్రాలను కంప్యూటర్‌తో చదివించాలనుకునే విద్యార్థి ఆ గదిలో ఉండడు.